ఎడమ కాలికి ఎనిమిది, కుడి కాలికి ఆరు

ఈ సంగతి మొదట నా చెవిన వేసింది మస్కట్‌లో, రూవి బజారులో చెప్పుల దుకాణంలో పనిచేసే జగిత్యాల తమ్ముడు. జలుబు మందు కోసం మా క్లినిక్‌కు వచ్చాడు. డాక్టరు గది ముందు తన వంతు కోసం కూర్చుని, నేను నేల తుడుస్తుంటే కాళ్ళు రెండూ పైకెత్తి పెట్టుకుని మరీ చెప్పాడు.

"అక్కా, మీ కడపక్కకు ఏమన్న అయిందా? మొన్న మా దుకాణంకొచ్చి బూట్లు కావాలన్నది. కుడికాలుకు ఆరు నంబరు, ఎడమకాలుకు ఎనిమిది నంబరు ఇయ్యమన్నది. గట్లెట్ల ఇస్తరక్కా? ఆఖరికి రెండు జతలు కొనుక్కొని, ఒక్కొక్కటి తీసి తొడుక్కొని పోయింది."

"మరి మిగిలిన రెండు బూట్లో?"

"నేను గదే అడిగిన. నీ నెత్తిన పెట్టుకో అన్నది."

మొదట నవ్వాను. నవ్వుతూనే తుడిచిన చోటే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఆ కడపక్క జన్మలో బూటు తొడిగిన మనిషి కాదు. రాయచోటి అవతల పల్లె ఆమెది. బౌషర్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంట చేసేది. చలికాలమైనా ఎండాకాలమైనా నీలం పట్టీల రబ్బరు చెప్పులే. మేడములు బూట్లు వేసుకుని పోతుంటే, "పాపం, కాళ్ళను జైల్లో పెట్టుకోని తిరుగుతాండారు" అని జాలిపడేది. అలాంటి మనిషి జూన్ నెల ఎండలో, మేజోళ్ళతో సహా, రెండు సైజుల బూట్లు తొడుక్కుందంటే ఏదో ఉంది.

మస్కట్‌ను పెద్ద తుఫాను ముంచి వెళ్ళిన మరుసటి ఎండాకాలం మాట ఇది. నేను అప్పుడు రూవిలో ఒక చిన్న క్లినిక్‌లో ఆయాగా చేసేదాన్ని. ఊడ్చడం, తుడవడం, సూది చూసి పారిపోయే పిల్లల్ని పట్టుకోవడం, తెలుగు తప్ప మరో ముక్క రాని ఆడవాళ్ళ మాటను డాక్టరుకు హిందీలో అందించడం నా డ్యూటీ. బడి గడప తొక్కని దాన్ని. మా నాన్న ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలతో పరాయి దేశంలో ఇరవై ఏళ్ళు అన్నం తిన్నాను. ఆయనకు, ఆ పైవాడికి రోజూ పొద్దున లేవగానే ఒక నమస్కారం పెట్టుకుంటాను.

మా డాక్టరు సూడాన్ దేశస్థుడు. వైద్యం పూణేలో చదివాడట. అక్కడి వడపావు గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చేవి. రోగుల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు: "మీ వాళ్ళు నా దగ్గరికి జబ్బు తేరు, సెలవు తేదీ తెస్తారు."

ఆయన అనేది నిజమే. ఇప్పుడు గల్ఫ్ విమానం ఎక్కబోయే అమ్మాయిలూ, మీకు ఈ అలవాటు ఇంకా ఉందో లేదో నాకు తెలియదు గాని, మాకు బాగా ఉండేది. పన్ను పుచ్చితే లీవుకు. కళ్ళు మసకేస్తే లీవుకు. నడుము పట్టేస్తే, కడుపులో గడ్డలాంటిది చేతికి తగిలితే, అన్నీ లీవుకే. రెండేళ్ళకోసారి వచ్చే ఆ కాసిని రోజుల్లో చుట్టాలందరినీ చూడాలి, మిగిలిపోయిన స్లాబు పోయించాలి, ఆ మధ్యలో ఎక్కడో రెండేళ్ళ జబ్బులన్నింటినీ వరసగా నిలబెట్టి చూపించుకోవాలి. ఊళ్ళో అయితే మన భాష, మన డాక్టరు, మంచం పక్కన మన మనిషి. ఇక్కడైతే మందు బిల్లు కంటే ఒక్క మాట భయం. 'అన్‌ఫిట్' అంటారని. ఆ మాట కఫీల్ చెవిన పడిందా, అంటే వీసా చేతిలో ఉన్న యజమాని చెవిన పడిందా, ఇక పెట్టె సర్దుకోవడమే అని మా నమ్మకం. అందరికీ అలా జరిగేది కాదు. ఒకరిద్దరికి జరిగింది. ఆ ఒకరిద్దరి కథ మా అందరి గదుల్లోనూ కాపురం చేసేది.

పెట్టె అంటే గుర్తొచ్చింది. మా క్లినిక్‌లో మనుషుల్ని తూచే కాటా ఒకటి ఉండేది. దాని మీద మనుషుల కంటే అట్టపెట్టెలే ఎక్కువ ఎక్కేవి. సెలవుకు వెళ్ళే ప్రతి ఒక్కరూ టాంగ్ డబ్బాలు, పాలపొడి, సబ్బులు, నొప్పి బామ్ సీసాలు కుక్కి, నీలం తాడుతో కట్టిన పెట్టెను మోసుకొచ్చి, ఎయిర్‌పోర్టులో పరువు పోకుండా ముందే ఇక్కడ తూచుకునేవారు. మొదటిసారి తూచి, "ఇంకా చోటుంది" అని వెళ్ళి మరికాసిని సబ్బులు కుక్కేవారు. రెండోసారి తూచి, ఎక్కువైందని ఏడుస్తూ తీసేసేవారు. పెట్టెకు అన్నిసార్లు పరీక్ష జరిగేది. దాన్ని మోసుకొచ్చిన మనిషికి ఒక్కసారీ జరిగేది కాదు.

జగిత్యాల తమ్ముడు చెప్పి వెళ్ళిన రెండు రోజులకు, క్లినిక్ సద్దుమణిగిన వేళ, కడపక్క టాక్సీ దిగింది. వెనకాలే ఆమె పెట్టె దిగింది.

"ఏమ్మే, నీ కాటా ఖాళీగా ఉండాదా?"

"నీ కోసమే ఖాళీ చేయించాను రా అక్కా," అన్నాను. కాళ్ళకేసి చూశాను. నల్లటి బూట్లు. కుడిది కుదురుగా ఉంది. ఎడమది పడవలా ఉంది.

పెట్టె పెద్దదైతే కాటా మీద నిలవదు. మనిషి దాన్ని కౌగిలించుకుని ఎక్కాలి, తర్వాత మనిషి బరువు తీసేయాలి. అది మా పద్ధతి.

"బూట్లిప్పి ఎక్కు," అన్నాను.

"ఇప్పాల్సిన పన్లేదు. బూట్ల బరువు నేను తీసేస్తాలే."

"రెండింటి బరువూ ఒకటి కాదు కదక్కా. ఏది తీసేస్తావు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఆ చెప్పులంగడి నోరు మూతపడదే!" అంది. తర్వాత పెట్టె మీదే కూలబడింది.

సూదులిచ్చే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. మేజోళ్ళు ఊడదీశాను. కుడి అరికాలి బొబ్బలు ఎండుతున్నాయి గాని, ఎడమ అరికాలు ముందు భాగమంతా బొబ్బలు పగిలి పచ్చిగా ఉంది. చిటికెన వేలు నల్లబడింది. వాసన ఉంది. దాన్ని కప్పడానికి ఆమె మేజోడు నిండా పౌడరు చల్లుకుంది.

"ఇది ఎలాగైందక్కా?"

"లీవు దొరికితే చెప్పుల్లేకుండా గుడికి నడిసొస్తానని మొక్కుకున్యా. దొరికింది. పోయిన శుక్రారం గాక ముందటి శుక్రారం పోతి."

"ఎన్నింటికి?"

"వంట జేసి, మా ఇంటి ముసలామె మామాకు అన్నం బెట్టి, అప్పుడు కదా పోయేది. రూవి సర్కిల్ కాడ బస్సు దిగి చెప్పులిప్పేతలికి పన్నెండు దాటింటాది."

మస్కట్‌లో జూన్ నెల మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కార్ల టైర్లు అంటుకుని చప్పుడు చేస్తాయి. మన ఊళ్ళో కొండ మెట్లు ఎక్కే అలవాటు ఆ రోడ్డు మీద పనికిరాదు.

"కాల్తుంటే తెలియలేదా?"

"అదే మే విచిత్రం! ఒక్క రవ్వ గూడా కాల్లా. స్వామే సల్లగా నడిపించినాడనుకున్యా. గుళ్ళో అందరికీ చెప్పినా గూడా. రూముకు పోయి కాళ్ళు కడుక్కుంటాంటే తోలు ఊడొచ్చింది."

నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నవ్వూ వచ్చింది. ఆమెకు ఎన్నేళ్ళ నుంచో సుగర్. సుగర్ ముదిరితే పాదాలకు వేడి తెలియదని మా డాక్టరు రోజూ ఎవరో ఒకరికి చెబుతుంటే, హిందీ నుంచి తెలుగులోకి దించేది నేనే. ఆమెకు మాత్రం నేను ఎప్పుడూ దించలేదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ డాక్టరు గదిలోకి రాలేదు. మాత్రలు ఊరి నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిపెట్టేవారు.

"స్వామి చెప్పులు విప్పమంది గడప దగ్గరక్కా. రూవి సర్కిల్ దగ్గర కాదు," అన్నాను.

"దేవునితో బేరాలాడొద్దు మే నువ్వు."

"ఇప్పుడే డాక్టరుకు చూపిద్దాం పద."

అప్పుడు పట్టుకుంది నా చెయ్యి. పట్టు చూస్తే వంటమనిషి చెయ్యి అని తెలిసింది. "వొద్దు. నీ కాళ్ళు మొక్కుతా. ఇంగ రెండు వారాలు. విమానమెక్కితే కడపలో దిగినట్లే. ఆడ సూపించుకుంటా. ఈడ తెలిస్తే పేపర్ల మీద ఎక్కుతాది. ఆ ఇంటాయన క్యాన్సిల్ కొట్టి పంపిస్తే మళ్ళా రానీడు. ఇంటికి గోడలు లేసినాయి, మిద్దె పడలా. నా మనవరాలు వానొస్తే పక్కింట్లో పండుకుంటాంది. కాలు పోతే కుంటుకుంటా వండుతా. వీసా పోతే ఏం జేయల్ల?"

డాక్టరుకు చెప్పనని స్వామి మీద ఒట్టు వేయించుకుంది. వేశాను. ఆమె ముఖం చూస్తూ వేయకుండా ఉండలేకపోయాను. పుండు కడిగి కట్టు కట్టాను. తర్వాత ఇద్దరం కలిసి పెట్టె తూచాం. బరువు ఎక్కువైందని ఆమె బెంగపడింది. నల్లబడిన వేలి గురించి పడిన బెంగ కంటే అదే ఎక్కువ.

మర్నాడు డాక్టరు దగ్గర నిలబడి అడిగాను, "సాబ్, మా ఊళ్ళో ఒకరికి సుగర్ ఉంది, కాలు కాలింది, వేలు నల్లబడింది. ఏం చెయ్యాలి?"

ఆయన రాసేది ఆపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "మీ ఊరు ఎంత దూరం?"

"గోదావరి జిల్లా సాబ్."

"ఆ కాలు మస్కట్‌లో ఉందా, గోదావరిలో ఉందా?"

నేను ఆయన బల్ల మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"చూడు సిస్టర్," అన్నాడు. ఆయాను సిస్టర్ అని పిలిచే డాక్టరు ఆయనొక్కడే. "మీ ఊరికి రావడానికి నాకు వీసా లేదు. ఆ కాలిని ఇక్కడికి రమ్మను. ఇవాళ వస్తే వేలు పోతుంది. వారం తర్వాత వస్తే పాదం. ఆ తర్వాత వస్తే, ఆ మనిషి ఊరికి ఎలా వెళ్తుందో నేను చెప్పలేను."

కట్టు సామాను సంచీలో వేసి ఇచ్చాడు. ఎవరికని అడగలేదు. ఒట్టు నిలబడింది గాని నా నిద్ర నిలబడలేదు.

శుక్రవారం క్లినిక్‌కు సెలవు. తలా కొంత ఇచ్చి కలిసి ఎక్కే చిన్న బైసా బస్సెక్కి బౌషర్ వెళ్ళాను. కట్టు మార్చి, కాళ్ళావేళ్ళా పడైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని. మగవాళ్ళు నమాజుకు వెళ్ళారు. ఆ ఇంటి కోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిందట. వంటింట్లో బిర్యానీ దమ్ము మీద ఉంది. కడపక్క స్టూలు మీద కూర్చుని కాలు చాపింది. నేను కింద కూర్చుని పాత కట్టు విప్పుతున్నాను. సరిగ్గా అప్పుడు వంటింటి తలుపు, దొంగ తీసినట్టు మెల్లగా తెరుచుకుంది.

మామా. ఆ ఇంటి యజమాని తల్లి.

ఆవిడ గురించి నేను విన్నదంతా ఆమె నోరు గురించే. కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినపడేదట. డ్రైవర్లు ముగ్గురు మారారట. ఆవిడకూ సుగరే. కొడుకు తీపి ముట్టనిచ్చేవాడు కాదు. అందుకని అతను నమాజుకు వెళ్ళిన సమయం చూసుకుని వంటింట్లోకి వచ్చేది. పప్పు డబ్బా వెనక కడపక్క ఆవిడ కోసం ఒక గిన్నెలో హల్వా దాచి ఉంచేది. ఆ సంగతి నాకు అప్పటివరకూ తెలియదు. ఆవిడ చేతిలో అప్పటికే చెంచా ఉంది. ఆ చెంచా చూశాకే అర్థమైంది.

మేము ముగ్గురమూ ఒకరినొకరు పట్టుకున్న దొంగల్లా కదలకుండా ఉండిపోయాం.

"ఏష్ హాదా?" అంది మామా, కాలి వైపు చెంచా చూపిస్తూ. ఏమిటిది అని.

"మెహందీ, మామా," అంది కడపక్క, రెప్ప కూడా వేయకుండా. "ఊరికి పోతాండా కదా, పెడతాంది."

మామాకు చూపు ఆనదు గాని మరీ అంతగా కాదు. ముక్కు బాగా పనిచేస్తుంది. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. మెహందీనా?"

కడపక్క కాలి బొటనవేలితో నా మోకాలు పొడిచింది. నేను వేసిన ఒట్టు డాక్టరుకు చెప్పనని. మామాకు చెప్పనని కూడా ఒట్టు వేయమని ఉంటే, ఆ గదిలో ఆ ముఖం చూస్తూ అదీ వేసి ఉండేదాన్నేమో. ఆమెకు తోచలేదు. ఆ తోచకపోవడాన్ని నేను ఇవాళ్టికీ స్వామి దయ అనే అనుకుంటాను.

"కాదు మామా. కాలింది. గుడికి చెప్పుల్లేకుండా నడిచింది. వేలు చచ్చిపోతోంది," అన్నాను, నాకొచ్చిన హిందీలో.

"నీ నోట్లో మన్ను బడ!" అంది కడపక్క, తెలుగులో.

మామా చెంచా బల్ల మీద పెట్టింది. ఇక అరుస్తుంది, కొడుక్కి ఫోన్ చేస్తుంది అనుకున్నాను. ఆవిడ ఇంకో స్టూలు లాక్కుని, మా ఎదురుగా కూర్చుని, నడుము పట్టుకుని వంగి, తన కుడికాలి మేజోడు తీసింది. ఇంట్లో కూడా ఆవిడ మేజోళ్ళు తీయదని, పాదాలు చల్లబడతాయని అలా చేస్తుందని కడపక్క నాకు ఎప్పుడో చెప్పింది.

ఆ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు.

కడపక్క అయిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంది. ఆమెకూ తెలియదు.

"ఉమ్రా యాత్రకు మక్కా వెళ్ళాను," అంది మామా. ఆవిడ హిందీ, అరబ్బీ కలిపి వంటింటి భాషలో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. "మసీదు బయట విడిచిన చెప్పులు జనంలో పోయాయి. దేవుడి ఇంటికి వచ్చి చెప్పుల కోసం ఏడుస్తానా అని ఎండలో హోటలుకు నడిచాను. కాలలేదు. దేవుడు నా మీద దయతో రాయిని చల్లబరిచాడు అని నా చెల్లెలికి చెప్పాను." అక్కడ ఆగి కడపక్క ముఖం చూసింది. "నువ్వు కూడా అలాగే చెప్పావు కదూ?"

కడపక్క తల ఊపింది.

"తర్వాత ఎవరికీ చూపించలేదు. చూపిస్తే కొడుకు మళ్ళీ ప్రయాణం పంపడు అని. ఇంటికి వచ్చేదాకా దాచాను. డాక్టరు అన్నాడు, పెద్దమ్మా, రెండు రోజులు ముందు వచ్చి ఉంటే రెండూ ఉండేవి." మేజోడు మళ్ళీ తొడుక్కుంది. "నాకు కొడుకు ఉన్నాడు, కారు ఉంది, రెండు వేళ్ళతో పోయింది. నీకు ఎవరున్నారు ఇక్కడ?"

"వీసా పోతాది మామా," అంది కడపక్క. "బాబా, నీ కొడుకు, క్యాన్సిల్ కొడతాడు."

"వీసా నా కొడుకు చేతిలో ఉంది," అంది మామా. "నా కొడుకు నా చేతిలో ఉన్నాడు. లే."

అంతలో కారు చప్పుడైంది. మామా పప్పు డబ్బా వెనక నుంచి హల్వా గిన్నె తీసి నా సంచీలోకి తోసింది, "ఖలాస్, ఇవాళ్టి నుంచి వద్దు," అంటూ. ఆ మాట ఆవిడ ఎన్నాళ్ళు నిలబెట్టుకుందో నేను సాక్ష్యం చెప్పలేను. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని, నిలువునా వాలిపోతున్నట్టు హాల్లోకి నడిచింది. కొడుకు కంగారుగా ఎదురొచ్చాడు. తనకు బాగాలేదని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని, వంటామె పక్కన లేకపోతే తాను కారెక్కనని చెప్పింది. నేను కూడా ఎక్కాను. దారి పొడవునా ఆవిడ మూలిగింది. బాగా మూలిగింది. మధ్యలో ఒకసారి నా వైపు చూసి కన్ను కొట్టింది.

ఆసుపత్రిలో, రోగి ఎవరని అడిగితే మామా కర్రతో కడపక్కను చూపించింది.

కొడుకు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, దీని కోసం నువ్వు చావబోతున్నట్టు నటించాలా?" అన్నాడు. అతనికి ముందే తెలిసి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలియదు. వైద్యం చేయించేవాడేమో, రద్దు చేసేవాడేమో. ఆ సంగతి తేలే అవసరం మామా రానివ్వలేదు. డాక్టరు కట్టు ఊడదీసి పుండు చూపిస్తున్నంతసేపూ అతని చేతిని తన చేతిలో బిగించి కూర్చుంది.

చిటికెన వేలు పోయింది. పాదం దక్కింది. రెండు వారాలు ఆగి విమానం ఎక్కి ఉంటే చీలమండ దాకా తీసేవారని అక్కడి డాక్టరు అన్నాడట. సెలవు చలికాలానికి జరిగింది. టికెట్టు మార్చమని మామానే గొడవ పెట్టింది. తిరిగి వచ్చే వీసా కాగితం చేతికి వచ్చేదాకా కొడుకుతో మాట్లాడలేదట. ఆ ఆరు నెలలూ కడపక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని వండింది. మామా రోజూ వచ్చి పక్కన నిలబడి ఉప్పు గురించి తిట్టింది. "మునుపు దూరం నుంచి తిట్టేది, ఇప్పుడు చెవిలోనే తిడతాంది" అని కడపక్క ఫిర్యాదు చేసేది, గర్వంగా.

మా సూడాన్ డాక్టరు సోమవారం నన్ను చూసి, "మీ గోదావరి కాలు ఎలా ఉంది?" అన్నాడు. బాగుంది సాబ్ అన్నాను. "అల్‌హమ్‌దులిల్లా," అని, "ఇక ఆ కాటా మీద ముందు మనిషిని ఎక్కించి, తర్వాతే పెట్టె ఎక్కించు," అన్నాడు. ఆ రోజు నుంచి మా క్లినిక్‌లో అదే చట్టం. పెట్టె తూచాలంటే ముందు వేలికి సూది పొడిపించుకోవాలి. తిట్టుకుంటూనే పొడిపించుకునేవారు. ఎంతమంది సుగర్ బయటపడిందో లెక్క పెట్టలేదు. బయటపడిన ప్రతిసారీ దేవుడికి ఒక దండం పెట్టాను.

నేను ఉద్యోగం చాలించి వచ్చేశాక, కొన్నేళ్ళకు కడపక్క ఫోన్ చేసింది. మిద్దె పడింది, మనవరాలు కొత్త గదిలో పడుకుంటోంది. మామా పోయింది. నిద్రలోనే. "పరామర్శకొచ్చిన ఆడోళ్ళ పక్క కూసోని నేనూ ఏడ్సినా," అంది.

ఇది చదివే అమ్మాయిలూ, మీరు ఏ దేశంలో, ఏ వంటింట్లో ఉన్నా, మీ కాలికి దెబ్బ తగిలితే సెలవు దాకా దాచకండి. అంతకంటే చెప్పేంత చదువు నాకు లేదు. కాని ఒక్కటి అడుగుతాను. తన బిడ్డలకు తప్ప ఎవరికీ చూపించని పాదాన్ని ఒక వంటమనిషి కోసం విప్పి చూపించిన ఆ బౌషర్ ముసలమ్మను మీ ప్రార్థనలో ఒక్కసారి తలుచుకోండి. పేరు నాకూ తెలియదు, మేమంతా మామా అనే పిలిచేవాళ్ళం. ఆ పేరుతోనే తలుచుకోండి.